మేనత్త జబ్బు మనకెందుకు అనకండి

రొమ్ము క్యాన్సర్ అన్నది ఒకే జబ్బు కాదు. బయాప్సీ ముక్కలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు లేకుండా, హెర్2 అనే ప్రోటీను కూడా అధికంగా లేకుండా ఉంటే దానిని ‘ట్రిపుల్ నెగెటివ్’ రకం అంటారు. ఆ మూడూ మందులకు గురి చూపే గుర్తులు. అవి లేనందువల్ల హార్మోను మాత్రలు దీనిపై పనిచేయవు. ఇది త్వరగా పెరిగే రకం. చిన్న వయసు స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. పాశ్చాత్య దేశాల రొమ్ము క్యాన్సర్లలో దీని వాటా నూటికి 10 నుంచి 15. మన దేశపు అధ్యయనాలలో అంతకంటే ఎక్కువగా తేలింది.

ఈ రకం జబ్బు వచ్చిన ప్రతి స్త్రీకీ, కుటుంబ చరిత్ర ఉన్నా లేకపోయినా, జన్యుపరీక్ష చేయించాలన్నది నా అభిప్రాయం.

ఈ కణితులలో కనిపించే జన్యు మార్పులు రెండు విధాలు. టీపీ53 జన్యువులోని మార్పు వీటిలో అత్యధికంగా కనిపిస్తుంది. అయితే అది చాలావరకు కణితిలోనే పుట్టినది, పిల్లలకు సంక్రమించదు. రెండవది పుట్టుకతో వచ్చేది. దీనిలో ముఖ్యమైనది 17వ క్రోమోజోముపై ఉండే బీఆర్‌సీఏ1. దాని చోటును 1990లో మేరీ క్లెయిర్ కింగ్ బృందం గుర్తించింది. 1994లో జన్యువును వేరుచేశారు. దెబ్బతిన్న డీఎన్‌ఏను సరిచేయడం దాని పని. అందులో లోపంతో పుట్టిన స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ వస్తే, అది అధికశాతం ట్రిపుల్ నెగెటివ్ రకమే అవుతుంది.

“మా అమ్మ వైపు ఎవరికీ లేదండీ” అని చాలామంది ధీమాగా చెబుతారు. ఈ లోపం తల్లి నుంచి ఎంతగా రాగలదో, తండ్రి నుంచీ అంతే రాగలదు. తండ్రి ఆరోగ్యంగానే ఉండవచ్చు. కనుక మేనత్తల గురించీ, నాయనమ్మ గురించీ తప్పక విచారించాలి. రొమ్ము క్యాన్సరే కాదు, అండాశయ క్యాన్సర్ ఉన్నదా అని కూడా అడగాలి.

పరీక్ష చేయిస్తే అమ్మాయికి సంబంధాలు రావన్న భయం మన ఇళ్ళలో ఉంది. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. కాని దాచినంత మాత్రాన జన్యువు మారదు. ఫలితాన్ని ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు పరీక్ష చేయించుకున్నవారిదే. తెలుసుకోవడం వల్ల లాభం మాత్రం స్పష్టం. లోపం ఉన్న రోగులలో తగినవారికి ఒలాపరిబ్ వంటి మందులు ఉపకరిస్తాయి. అమెరికాలో 2018లో ముదిరిన జబ్బుకు, 2022లో తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న తొలిదశ జబ్బుకు దానిని అనుమతించారు. అక్కచెల్లెళ్ళకు, యుక్తవయసు వచ్చిన పిల్లలకు ఆ లోపం ఉండే అవకాశం నూటికి 50. లోపం ఉందని తేలిన స్త్రీలు 25వ ఏట నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి మామోగ్రామ్ కూడా చేయించుకోవచ్చు. లోపం లేదని తేలినవారికి ఆ దిగులు తీరుతుంది.

ఒక్కొక్కప్పుడు ఫలితం ఎటూ తేలని మార్పుగా రావచ్చు. దానిని చూసి శస్త్రచికిత్సలకు తొందరపడకూడదు. పరీక్షకు ముందూ, తరువాతా జన్యు సలహాదారుతో మాట్లాడాలి.

మీ ఇంట ఎవరికైనా ‘ట్రిపుల్ నెగెటివ్’ అని రిపోర్టు వస్తే, డాక్టరు చెప్పేవరకు ఆగకుండా మీరే అడగండి: “బీఆర్‌సీఏ పరీక్ష ఎప్పుడు చేయిద్దాం?”