తీగ మార్చి చూసిన్రా?



"కరెంటు కావాలా, వద్దా?" టవర్‌కు గుంత తీయడానికి వచ్చినోళ్లు మనల్ని అడిగేది ఇదే. వద్దంటే అభివృద్ధికి అడ్డం అంటరు. ఆ ఉచ్చులో పడకండి. ఎదురు ఒక్కటే అడగండి: పాత టవర్ల మీద తీగ మార్చి చూసిన్రా?

మన దేశంలో చాలా పెద్ద లైన్ల తీగకు నడుమ ఉక్కు, చుట్టూ అల్యూమినియం ఉంటది. లోడ్ పెరిగితే వేడెక్కి కిందికి వేలాడుతది. ఉక్కుకు బదులు కార్బన్ ఫైబర్, గాజు నార కలిపి నడుమ పెట్టిన తీగ వచ్చి దాదాపు ఇరవై ఏళ్లయింది. వేడికి అంతగా సాగదు. అదే మందంలో దాదాపు రెండింతల కరెంటు మోస్తది. అవే టవర్లు, అదే దారి. కొత్తగా ఒక్క చేను కూడా పోదు.

"ధర ఎక్కువ" అంటరు. నిజమే. మరి మన భూమి ధర ఎవరి లెక్కలో ఉంది? 400 కేవీ లైన్‌కు 46 మీటర్ల వెడల్పు దారి కావాలి. అంటే కిలోమీటరుకు 11 ఎకరాల పైనే. 2024 జూన్ కేంద్ర మార్గదర్శకాలు టవర్ కింది భూమికి విలువకు రెండింతలు, తీగల కింది భూమికి 30 శాతం ఇవ్వమంటున్నాయి. పట్టా చేతికి రాని తండా రైతుకు, పోడు చేసుకునే చెంచుకు ఏం దక్కుతది? మన భూమి చవకగా దొరికినన్ని రోజులు ఖరీదైన తీగ ఎవడు కొంటడు?

చట్టం కూడా వాళ్ల దిక్కే ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలను 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ లైన్లు వేసేవాళ్లకు ఇప్పించింది. రైతు అడ్డుకుంటే కలెక్టర్ ఆర్డర్ వస్తది. అడవిలోనైతే 2013 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇట్లాంటి లైన్లకు గ్రామసభ సమ్మతే అక్కర్లేదన్నది. చెంచుల్లాంటి ఆదిమ తెగల హక్కులు దెబ్బతినే చోట మాత్రమే మినహాయించింది.

అన్ని చోట్లా తీగ మారిస్తే సరిపోదు. దామరచర్ల దగ్గరి 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు లాంటి దానికి కొత్త లైన్లు కావాల్సిందే. బాగా దూరం పోయే లైన్లలో వోల్టేజ్ పడిపోవుడు వేరే సమస్య. కాదనం. కానీ ఆ మాట నోటితో కాదు, కాగితం మీద చెప్పాలె.

నకిరేకల్ చుట్టుపక్కల తండాల యువతీయువకులారా, కొత్త లైన్ సర్వేకు వస్తే ముందు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. దగ్గర్లోని పాత లైన్ ఎంత కరెంటు మోస్తుంది? తీగ మారిస్తే ఎంత మోస్తది? ఆ లెక్క ఎందుకు వద్దనుకున్నరు? జవాబులు గ్రామసభలో అందరి ముందు చదివించండి.

జవాబు వచ్చినంకనే గుంత!