అరచేతంత నేల, రెండు టన్నుల భారం

రెండు టన్నులకు చేరువైన బరువుతో, గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో ఒక కారు పరుగెత్తుతున్నప్పుడు అది నిజంగా నేలను తాకే మేర ఎంత? లెక్క కట్టడం కష్టం కాదు. కారు బరువు 1,800 కిలోలనుకొంటే ఒక్కొక్క చక్రం మీద సుమారు 450 కిలోలు పడుతుంది. టైరులోని గాలి చదరపు అంగుళానికి 33 పౌండ్ల పీడనంతో ఉన్నదనుకొంటే, ఆ భారాన్ని మోయడానికి దాదాపు 195 చదరపు సెంటీమీటర్ల రబ్బరు నేలకు ఆనాలి. వేళ్లు చాచిన చేతికంటె అది కొంచెమే పెద్దది. నాలుగు చక్రాలూ కలిపినా టైపు కాగితం ఒకటింబావుకు మించదు. వేగం పుంజుకోవడం, మలుపు తిరగడం, ఆగడం - కారు చేసే ప్రతి పనీ ఈ కాస్త రబ్బరు ద్వారానే జరగాలి. ఇంజనుకు ఎన్ని వందల అశ్వశక్తులున్నా అవి చెల్లుబాటు కావలసింది ఇక్కడే.

ఈ లెక్క ఒకప్పుడు పందెగాళ్లకు మాత్రమే పట్టింపుగా ఉండేది. ఇప్పుడు సొంత కారును ట్రాకు మీదికి తీసుకుపోయి దాని సత్తా చూడాలనుకొనే సామాన్య యజమానులు కూడ ఉన్నారు. చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు సమీపాన కారి ట్రాకులో, 2011లో గ్రేటర్ నోయిడాలో ప్రారంభమైన బుద్ధ ట్రాకులో వారి ముచ్చట తీరుతున్నది. అయితే వారిలో చాలామంది కార్లు పందెం కోసం పుట్టినవి కావు. మెత్తని సీట్లు, చల్లని గాలి, చప్పుడు చొరనీయని తలుపులు, కొన్నింటిలో పెద్ద బ్యాటరీ - ఇన్ని సౌకర్యాలనూ మోసుకొని తిరిగే బరువైన వాహనాలు. 2024లో వెలువడిన బి.ఎం.డబ్ల్యు. ఎం5 బరువు 2,400 కిలోలకు పైమాటే. ఇటువంటి కారుకు హంగులు చేయించేవారు ఇంజను మీద లక్షలు వెచ్చిస్తారు. టైరు సంగతీ, అందులోని గాలి సంగతీ చివరికి వదిలివేస్తారు. బరువైన కారు విషయంలో ఆ చివరి సంగతే మొదటిది కావాలి.

బరువు మేలా, కీడా?

జపాను కంపెనీ నిస్సాన్ 2007లో విడుదల చేసిన జి.టి.-ఆర్. కారు బరువు 1,740 కిలోలు. పందెపు వేగం గల కారుకు ఇంత బరువేమిటని విమర్శకులు ఆక్షేపించారు. దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన కజుతోషి మిజునో ఆ ఆక్షేపణను అంగీకరించలేదు. బరువే టైరును నేలకు అదిమి పట్టునిస్తుందని ఆయన వాదం. ఆ వాదంలో సగం సత్యం ఉన్నది. బరువు పెరిగితే టైరు పట్టు పెరుగుతుంది. కాని బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపు కాదు. అంతకు కొంత తక్కువగానే పెరుగుతుంది. మలుపులో కారును బయటికి తోసే బలం మాత్రం బరువుతోపాటు సరిగా రెట్టింపవుతుంది. ఈ రెండింటికీ నడుమ ఉన్న తేడా బరువైన కారు ప్రతి మలుపులోను చెల్లించవలసిన వడ్డీ వంటిది.

ఆ వడ్డీని నాలుగు టైర్లూ సమానంగా పంచుకోవు. కారు గట్టిగా మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది భారం బయటి చక్రాల మీదికి జరుగుతుంది. గరిమనాభి నేలకు అరమీటరు ఎత్తున, ఎడమ కుడి చక్రాల నడుమ దూరం 1.6 మీటర్లుగా ఉన్న 1,800 కిలోల కారును తీసుకొందాం. పక్కకు తోసే బలం కారు బరువుతో సమానమయ్యేటంత వేగంగా అది మలుపు తిరిగితే, 560 కిలోల భారం ఒక పక్కనుంచి మరొక పక్కకు చేరుతుంది. అప్పుడు లోపలి రెండు టైర్ల మీద 340 కిలోలు మాత్రమే మిగిలితే, బయటి రెండూ 1,460 కిలోలు మోస్తూ ఉంటాయి. అదే క్షణాన బ్రేకు కూడ పడితే బయటి ముందు టైరు పాట్లు చెప్పనలవి కాదు. గడియారపు ముల్లు దిశలో సాగే ట్రాకులో కుడి మలుపులే ఎక్కువ కనుక, ఎడమ టైర్లు ముందుగా అరుగుతాయి.

వేడి లెక్క

టైరుకు రెండవ శత్రువు వేడి. 1,800 కిలోల కారును గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గిస్తే, ఒక్క బ్రేకుతో వెలువడే శక్తి ఎనిమిది లీటర్ల మంచినీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దశకు తేగలదు. వెయ్యి కిలోల కారు అదే పని చేస్తే నాలుగున్నర లీటర్లకు మించి మరగవు. ఈ వేడిలో ఎక్కువ భాగం బ్రేకు పళ్లాలను చేరుతుంది. కొంత చక్రం గుండా టైరులోని గాలికి అందుతుంది. రబ్బరు నేలమీద రాపిడికి లోనై, లోలోపల మడతపడుతూ సాగుతూ తానుగా పుట్టించే వేడి దీనికి అదనం.

మూసి ఉన్న గాలి వేడెక్కితే పీడనం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో బడిలో చదివిన సూత్రమే చెబుతుంది. గేజి చూపే అంకెకు వాతావరణ పీడనమైన 14.7 పౌండ్లు కలపాలి. ఉష్ణోగ్రతకు 273 కలపాలి. ఆపైన నిష్పత్తి కట్టాలి. పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రవాడు 'ముప్పయి అయిదు' అని చెప్పి నింపిన టైరు, 30 డిగ్రీల చల్లదనం నుంచి ట్రాకు మీద 80 డిగ్రీలకు చేరితే లోపలి పీడనం 43 పౌండ్లవుతుంది. అప్పుడు టైరు నడుమ ఉబ్బి, అంచులు నేలను సరిగా ఆనక, ఉన్న కాస్త మేర ఇంకా కుంచించుకుపోతుంది. నాలుగైదు చుట్లు తిరిగేసరికి కారు మలుపులో జారడం మొదలయితే, తప్పు టైరుదని యజమాని అనుకొంటాడు. నిజానికి తప్పు అందులోని గాలిది.

కనుక అనుభవజ్ఞులు చల్లని అంకెతో కాక వేడి అంకెతో లెక్క మొదలుపెడతారు. టైరు తయారీదారు ట్రాకు వాడకానికి సూచించే వేడి పీడనమే గమ్యం. అది 36 అనుకొంటే, పై ఉష్ణోగ్రతల ప్రకారం చల్లగా ఉన్నప్పుడు 29కి కొంచెం తక్కువగా ఉండాలని నిష్పత్తి చెబుతుంది. అయితే బరువైన కారుకు ఇక్కడొక మెలిక ఉన్నది. అంత తక్కువ గాలితో మొదటి చుట్టులోనే వేగం పెంచితే పక్కగోడలు విపరీతంగా నలుగుతాయి. అందువల్ల తయారీదారు విధించిన కనీసపు చల్లని పీడనం కంటె దిగకుండా మొదలుపెట్టి, మొదటి రెండు చుట్లూ నింపాదిగా తిప్పి, టైరు వేడెక్కిన తరువాత ఆపి, గేజి పెట్టి, అధికమైనంత మాత్రమే వదలడం క్షేమం. ఢిల్లీ పరిసరాలలో శీతకాలపు ఉదయం 10 డిగ్రీలున్న గాలి మధ్యాహ్నానికి 25కు పెరిగితే ఆ తేడా ఒక్కటే టైరులో రెండు పౌండ్లకు పైగా మార్పు తెస్తుంది. ఉదయం సరిచూసిన అంకె మధ్యాహ్నం పనికిరాదు.

కొందరు మామూలు గాలికి బదులు నైట్రోజను నింపుతారు. జి.టి.-ఆర్. టైర్లకు కర్మాగారంలోనే నైట్రోజను నింపేవారు. అందులో మాయ ఏమీ లేదు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. తేమ లేకపోవడమే నైట్రోజను సుగుణం. కంప్రెసరు గాలితోపాటు చేరే నీటి ఆవిరి వేడికి పీడనాన్ని లెక్కకు అందకుండా పెంచుతుంది. తేమ లేని గాలి దొరికితే ఆ ప్రయోజనంలో చాలా వంతు దక్కినట్లే.

టైరు తానే చెప్పే సాక్ష్యం

అంకె సరిగా ఉన్నదో లేదో టైరునే అడగవచ్చు. సూదిమొన గల ఉష్ణమాపకంతో, కారు ఆగిన వెంటనే సూదిమొనను రబ్బరులోకి గుచ్చి లోపలి అంచున, నడుమ, బయటి అంచున వేడిని కొలవాలి. నడుమ ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్లు. రెండంచులూ వేడిగా ఉండి నడుమ చల్లగా ఉంటే గాలి చాలనట్లు. లోపలి అంచు మాత్రమే కాలుతుంటే చక్రం వాలు మితిమీరినట్లు. ఉష్ణమాపకం లేనివారికి సుద్దముక్క చాలు. ట్రెడ్ అంచు నుంచి పక్కగోడ మీదికి ఒక గీత గీసి రెండు చుట్లు తిరిగి వస్తే, గీత ఎంతవరకు చెరిగిందో టైరు అంతవరకు ఒరిగినట్లు. పక్కగోడ మీది గుర్తు కూడ చెరిగిందంటే గాలి తగ్గిందని అర్థం. నాలుగు టైర్లకూ నాలుగు అంకెలు రావచ్చు. వాటిని తారీఖు, వేళ, ఎండ వివరాలతో ఒక పుస్తకంలో రాసుకొనేవాడు ప్రతిసారీ మొదటినుంచి వెదకనక్కరలేదు.

ఎంపికలో మొదటి ప్రశ్న

టైరు కొనేటప్పుడు అందరూ అడిగేది పట్టు ఎంత అని. బరువైన కారు యజమాని ముందు అడగవలసింది మోత ఎంత అని. పక్కగోడ మీద కొలతల తరువాత కనిపించే అంకె ఆ సంగతి చెబుతుంది. 97 అంటే 730 కిలోలు. 100 అంటే 800. 104 అంటే 900. దాని పక్కన ఉండే అక్షరం వేగానిది: డబ్ల్యు అంటే 270, వై అంటే 300 కిలోమీటర్లు. ఆ మోత నిర్ణీత పీడనం ఉన్నప్పుడే వర్తిస్తుందనీ, గాలి తగ్గిస్తే మోసే శక్తి కూడ తగ్గుతుందనీ మరువరాదు. కొలత సరిపోయినదని తేలికపాటి కారు కోసం చేసిన టైరును భారీ కారుకు తొడగడం ప్రమాదకరం.

తరువాతది రబ్బరు స్వభావం. అమెరికా ప్రభుత్వ నిబంధన ప్రకారం టైరు మీద మన్నిక అంకె ఒకటి ముద్రిస్తారు. ప్రమాణంగా పెట్టుకొన్న టైరుకు 100. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ అనే రోడ్డు టైరుకు ఆ అంకె 300. అదే కంపెనీ ట్రాకు కోసం చేసిన కప్ 2కు 180. ఈ అంకెను తయారీదారులే నిర్ణయించుకొంటారు కనుక ఒక కంపెనీ టైర్లను పోల్చడానికే అది పనికివస్తుంది. రోడ్డు టైరులో లోతైన ట్రెడ్ దిమ్మెలు బరువైన కారు కింద అటూ ఇటూ ఊగి, అతిగా కాగి, పెచ్చులుగా ఊడుతాయి. ట్రాకు టైరు ఆ బాధ తట్టుకొంటుంది. కాని గాళ్లు తక్కువ గనుక వాన నీటి మీద తేలిపోతుంది, చలిలో మొద్దుబారుతుంది. ట్రాకుకు ఒక జత, రోడ్డుకు మరొక జత ఉంచుకోగలవారు అదృష్టవంతులు. ఒక్క జతతోనే రెండు పనులూ జరగాలంటే ఇంటికి తిరిగి రావలసిన దారినే ముందు తలచుకోవాలి. టైరు వయసు కూడ చూడాలి: పక్కగోడ మీది సంకేతంలో చివర నాలుగంకెలు 2324 అని ఉంటే అది 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనది.

నిపుణులకూ తప్పని పాఠం

తగ్గిన గాలి నేలను ఎక్కువ మేర తాకిస్తుంది కనుక పట్టు పెరుగుతుందని గాలి వదులుతూ పోయేవారున్నారు. ఒక హద్దు వరకు అది నిజం. ఆ హద్దు దాటితే పక్కగోడ ప్రతి చుట్టులోను మడతపడి, లోపలి దారాలు వేడికి విడిపోతాయి. అధిక వేగంలో, నేలను వీడిన రబ్బరు తన ఆకారానికి తిరిగి రాకముందే మళ్లీ నేలను తాకుతుంది. టైరు చుట్టూ అల లేచి నిలుస్తుంది. అటుపైన టైరు పగలడానికి క్షణాలు చాలు.

2013 జూన్ 30న సిల్వర్‌స్టోన్‌లో జరిగిన బ్రిటిష్ గ్రాండ్ ప్రీలో పరుగు మధ్యలో ఎడమ వెనుక టైర్లు వరుసగా పగిలాయి. టైర్లు సరఫరా చేసిన పిరెల్లి కంపెనీ చెప్పిన కారణాలలో తక్కువ పీడనం, మితిమీరిన చక్రాల వాలు, టైర్లను తారుమారుగా బిగించడం, ట్రాకు అంచు దిమ్మెలు ఉన్నాయి. 2021 జూన్ 6న బాకూలో ముందంజలో ఉన్న మాక్స్ వెర్‌స్టాపెన్ కారు ఎడమ వెనుక టైరు తిన్నని దారిలోనే పగిలింది. అంతకుముందే లాన్స్ స్ట్రోల్ కారుకూ అదే గతి పట్టింది. తయారీలో లోపం లేదనీ, బయలుదేరేటప్పటి అంకెలు నిబంధన ప్రకారమే ఉన్నా పరుగులోని పరిస్థితుల వల్ల లోపలి పక్కగోడ తెగిందనీ పిరెల్లి తేల్చింది. బయలుదేరినప్పటి అంకె వేరు, పరుగులోని అంకె వేరు అన్న పాఠానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ 2005 జూన్ 19నాటి ఇండియనాపొలిస్ పందెం. ఏటవాలుగా కట్టిన 13వ మలుపు భారాన్ని తమ టైర్లు తట్టుకోలేవని మిషెలిన్ కంపెనీ తెలుసుకొన్నది. ఇరవై కార్లలో ఆ టైర్లు తొడిగిన పద్నాలుగూ సన్నాహపు చుట్టు ముగించి పక్కకు తప్పుకొన్నాయి. ఆరు కార్లే పందెం ఆడాయి. ప్రేక్షకులు ఆగ్రహించారు, కంపెనీ టిక్కెట్ల సొమ్ము తిరిగి చెల్లించింది. పరువు పోయింది కాని ప్రాణం పోలేదు.

వృత్తి పందెగాళ్ల వెనుక ఇంజనీర్లు, కొలమానాలు, ఎదుట రక్షణ గోడలు ఉంటాయి. సొంత కారులో వచ్చిన యజమానికి వీటిలో అన్నీ ఉండవు. అతని అసలు ప్రమాదం ట్రాకు మీద కాక తిరుగు ప్రయాణంలో పొంచి ఉంటుంది. వేడి మీద 36కు తెచ్చిన టైరు సాయంత్రానికి 30 డిగ్రీలకు చల్లబడితే 29కి దిగజారుతుంది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీ 35 ఉండాలంటుంది. ఆ లోటుతోనే సామాను నింపి, భార్యాబిడ్డలను ఎక్కించుకొని, రాత్రివేళ ఎక్స్‌ప్రెస్ రహదారిలో మూడు గంటలు పోతే, ట్రాకు మీద తప్పిన గండం దారిలో ఎదురుకావచ్చు. కనుక ఆటలో చివరి చుట్టు హెల్మెట్ తీసిన తరువాత మొదలవుతుంది. టైర్లు చల్లబడేవరకు ఆగడం, పక్కగోడల మీద బుడిపెలు, చీలికలు ఉన్నవేమో తడిమి చూడడం, చీటీ మీది అంకెకు తిరిగి గాలి నింపడం, మరునాటి ఉదయం బండి కదలకముందే ఇంకొకసారి గేజి పెట్టడం - ఈ పనులకు అరగంట కంటె ఎక్కువ పట్టదు.