ఎత్తు కోసం ఈడును ఆపొద్దు!

తల్లులారా, తండ్రులారా, అమ్మమ్మ నాన్నమ్మలారా!

బడి ప్రేయర్ లైనులో మన బిడ్డ మొదట నిలబడితే మన గుండె కలుక్కుమంటుంది. "ఎత్తు లేకపోతే రేపు సంబంధాలెట్లా?" అని చుట్టాలు ఇంకాస్త బెంగ పెడతారు. ఆ బెంగతోనే, ఈడేరడాన్ని ఆపే సూది కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాం. వేయించే ముందు ఇది చదవండి.

ఆ సూది ఎవరికి?

ఆడపిల్లకు 8 ఏళ్లు, మగపిల్లాడికి 9 ఏళ్లు నిండకముందే ఈడు లక్షణాలు మొదలైతే ఎముకలు ముందే ముదిరి ఎదుగుదల ఆగిపోతుంది. లూప్రొలైడ్, ట్రిప్టోరెలిన్ సూదులు ఆ పిల్లలకు మేలు చేస్తాయి. వాళ్లకు డాక్టరు రాస్తే మానకండి.

వేళకు ఈడేరుతున్న పొట్టి పిల్లల సంగతి వేరు. అలాంటి పిల్లలకు సుమారు మూడున్నరేళ్లు ఈ తరహా మందు ఇచ్చి చూసిన అమెరికా పరిశోధన 2003లో వెలువడింది. అదనంగా వచ్చిన ఎత్తు సగటున 4.2 సెంటీమీటర్లు. రెండంగుళాలు కూడా కాదు! ఎముకలు గట్టిపడాల్సిన వయసులో వాటి సాంద్రత తగ్గింది. అందరికీ ఇవ్వదగిన చికిత్స కాదని ఆ పరిశోధకులే తేల్చారు. ఎత్తు కోసం లెట్రోజోల్ మాత్రలు వాడిన కొందరు మగపిల్లల వెన్నుపూసల్లోనూ లోపాలు కనబడ్డాయి.

మనం చేయాల్సింది:

• ఆరు నెలలకోసారి బిడ్డను చెప్పుల్లేకుండా, మడమలు గోడకు ఆనించి నిలబెట్టండి. తలమీద అట్ట పెట్టి పెన్సిలుతో గీత గీయండి. పక్కన తేదీ వేయండి.

• ఐదేళ్లు దాటిన బిడ్డ ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

• థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు, ఎముకల వయసు తెలిపే ఎడమచేతి ఎక్స్‌రే గురించి అడగండి. ఆడపిల్లయితే టర్నర్ సిండ్రోమ్ సంగతీ అడగండి.

• సూది రాస్తే నాలుగు ప్రశ్నలు వేయండి: జబ్బేమిటి? ఎన్నాళ్లు వాడాలి? ఎంత ఎత్తు వస్తుంది? ఎముకల మాటేమిటి?

• బడికి, అంగన్‌వాడీకి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చినప్పుడు మీ అనుమానం చెప్పండి.

బిడ్డను "పొట్టి" అని పిలవడం ఈ రోజే మానేద్దాం. మన పోలికే బిడ్డకు వచ్చి ఉంటే అది జబ్బు కాదు.

ముందు గీత గీయండి, కారణం తెలుసుకోండి. సూది మాట ఆ తర్వాతే!

చదివి పక్కింటివారికి ఇవ్వండి.

— మీలాంటి తల్లిదండ్రులు