ఆదివారమును విడువరాదు

కఠినమైన గోల్ఫు మైదానమునకు పోవువారు ఆటకు ముందొక నడకను తమ ప్రణాళికలో చేర్చుకొనవలెనని నా అభిప్రాయము.

మా అల్లుడుగారికి స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఒక్కసారియైనను ఆడవలెనని చిరకాల వాంఛ. సెలవు నాలుగు దినములే. సోమవారము చేరి గురువారము మరలునట్లు ఏర్పాటు చేయుచున్నారు. ఆదివారమునకే చేరుడని నేనంటిని. "ఆట లేని దినమున అచ్చట మనకేమి పని?" అని వారి ప్రశ్న.

ఆదివారము అచ్చట సాధారణముగా ఆట ఉండదు. ఆ నేల నడకకు వచ్చిన ప్రజలది. తక్కిన దినములలో, ముందుగా సమయము కుదుర్చుకొననివారు రెండు దినముల ముందు చీటీలలో పేరు వేయవలెను. పేరు రావచ్చును, రాకపోవచ్చును. నడక మాత్రము ఎవరికైనను దొరకును.

ఆ మైదానపు కాఠిన్యము మొదటి చూపునకు అందదు. 112 బంకర్లలో పెక్కు, బంతి కొట్టు చోటినుండి కానరావు. పదునాలుగవ హోలులోని పెద్ద బంకరునకు నరకమనియే పేరు. పదునేడవ హోలున తొలి దెబ్బయే హోటలు ఆవరణ మీదుగా, గమ్యము కనబడకుండగనే కొట్టవలెను. గ్రీను వెనుక బాట కాచుకొని యుండును.

బాబీ జోన్స్ అంతటివాడు 1921లో, మూడవ రౌండున, పదునొకండవ హోలువద్ద విసిగి పోటీ విడిచెను. అచ్చటనే 1927లో ఓపెన్ గెలిచెను. 1958లో ఆ పట్టణము ఆయనను గౌరవ పౌరునిగా స్వీకరించెను. పరిచయము పెరిగినకొలది ఆ నేలయే ప్రియమైనది.

పదచ్ఛేదము తెలియక పద్యమునకు రాగమెత్తిన విద్యార్థికి ఊపిరి నడుమనే తెగును. నేలకును పదచ్ఛేదము కలదు. అది కాళ్లతో చేయవలసినది. చీటీలో పేరు రాకున్నను ఆ చదువు మనకు మిగులును.