నల్లని తెర కంటికి ఔషధమా?

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే యువతలో ఒక నమ్మకం బలంగా నాటుకుపోయింది. టెక్స్ట్ ఎడిటర్‌లో తెల్లని నేపథ్యం కంటికి చేటు, నల్లని నేపథ్యం మేలు అన్నదే ఆ నమ్మకం. ఇది అర్ధసత్యం మాత్రమే. దీనినే పూర్ణసత్యంగా భావించి, రోజుకు ఎనిమిది, పది గంటలు తెర ముందు గడిపేవారు కంటికి లేని శ్రమను కొనితెచ్చుకుంటున్నారని నా అభిప్రాయం.

వెలుతురు తగ్గితే కంటిపాప విచ్చుకుంటుంది, పెరిగితే ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు రెటీనాపై ప్రతిబింబం స్పష్టంగా ఏర్పడుతుంది. విచ్చుకున్నప్పుడు కంటిలోని వక్రీభవన దోషాలు బయటపడతాయి. అందువల్లనే ఆస్టిగ్మాటిజం ఉన్నవారిలో చాలామందికి నల్లని తెరపై తెల్లని అక్షరాల అంచులు చెదిరి, వెలుగు అలుముకున్నట్లు కనిపిస్తాయి. సాధారణ దృష్టి గలవారు తెల్లని నేపథ్యంపై నల్లని అక్షరాలనే మరింత చురుకుగా, తక్కువ తప్పులతో చదువుతారని పలు పరిశోధనలు తెలిపాయి. అయితే శుక్లాల వల్ల కంటి కటకం మసకబారినవారికి, వెలుగును భరించలేనివారికి నల్లని నేపథ్యమే హాయినిస్తుంది. కనుక అందరికీ ఒకే రంగును విధించడం తగదు. పగటి వెలుగు నిండిన గదిలో లేత నేపథ్యం, రాత్రి మసక దీపాల వేళ ముదురు నేపథ్యం వాడుకోవడం వివేకం. నేటి ఎడిటర్లలో అనేకం కంప్యూటర్ అమరికను అనుసరించి తమంతట తామే రంగులు మార్చుకోగలవు.

నేపథ్యం కన్నా ముఖ్యమైనది అక్షరానికీ నేపథ్యానికీ మధ్య ఉండే తేడా. వెబ్ ప్రమాణాలను రూపొందించే సంస్థ సాధారణ అక్షరాలకు కనీసం 4.5:1 వ్యత్యాసం ఉండాలని సూచించింది. ఎంతో అందంగా కనిపించే రంగుల అమరికలు కొన్ని ఈ కొలతకు నిలవవు. ముఖ్యంగా ప్రోగ్రాములోని వివరణ వాక్యాలను వెలిసిన బూడిద రంగులో చూపడం పరిపాటి అయింది. నలభై దాటి, దగ్గరచూపు తగ్గుతున్నవారు వాటిని చదవడానికి మెడ ముందుకు చాచి, కనుబొమలు ముడిచి కూర్చుంటారు. సాయంత్రానికి మెడనొప్పి, తలనొప్పి తప్పవు.

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను కలవరపెట్టే విషయం మరొకటి ఉన్నది. తొలగించిన వరుసను ఎరుపుతో, చేర్చిన వరుసను ఆకుపచ్చతో చూపడం ఈ రంగంలో ఆచారం. ఆ రెండు రంగుల భేదమే తెలియనివారి మాటేమిటి? ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందికి ఈ లోపం ఉంటుంది. మన దేశంలోనూ ఇది అరుదు కాదు. దీనికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై ఉండటం వల్ల స్త్రీలలో చాలా తక్కువ. పుట్టుకతో వచ్చేది కనుక తమకున్నదని చాలామందికి తెలియదు. 1794లో ఈ లోపాన్ని గురించి మాంచెస్టర్‌లో వ్యాసం చదివిన రసాయన శాస్త్రవేత్త జాన్ డాల్టన్ అంతటివాడే, తన దృష్టి ఇతరుల దృష్టి వంటిది కాదని ఇరవయ్యవ పడిలో గాని గ్రహించలేదు. అటువంటి యువకుడు తెరపై పొరపాటు పడితే దానిని అశ్రద్ధగా జమకట్టడం అన్యాయం. అతడు కూడా చెప్పుకోవడానికి సిగ్గుపడి, లోలోపల కుంగిపోతాడు.

పరిష్కారం కష్టమైనది కాదు, ఖర్చుతో కూడినదీ కాదు. ఎరుపు, ఆకుపచ్చలకు బదులు నీలం, నారింజ ఎంచుకోవచ్చు. రంగుతో పాటు కూడిక, తీసివేత గుర్తులనో, అడుగు గీతనో, మందపాటి అక్షరాన్నో వాడవచ్చు. అర్థాన్ని రంగు ఒక్కదానిపైనే మోపరాదన్నది నియమం కావాలి. పిల్లలకు బడిలోనే వర్ణదృష్టి పరీక్ష జరపాలి. 1917 నుంచి వాడుకలో ఉన్న ఇషిహారా చిత్రాలతో అది కొద్ది నిమిషాల పని.

చివరిగా ఒక హెచ్చరిక. ఏ రంగూ కళ్ళజోడుకు ప్రత్యామ్నాయం కాదు. తెరను తదేకంగా చూసేటప్పుడు రెప్పపాటు తగ్గి కన్ను పొడిబారుతుంది. నల్లని నేపథ్యం దానిని ఆపలేదు. తరచు రెప్పలు ఆర్పండి, నడుమ నడుమ దూరంగా ఉన్న వస్తువును చూడండి. రంగులు మార్చినా తలనొప్పి, మసక వీడకపోతే మరో అమరిక కోసం వెతకడం మాని, కంటి వైద్యుని సంప్రదించండి.