పాలు పొంగే నక్షత్రం

మొన్న కొండాపూర్‌లో మా అబ్బాయింట్లో వున్నాను. రాత్రి రెండింటికి మనవరాలు హైటెక్ సిటీలో డ్యూటీ దిగి వచ్చింది. పొయ్యిమీద పాలు పెట్టి నిలబడే కునుకు తీసింది. పాలు పొంగి గట్టంతా పారాయి.

"ఇంతసేపూ చప్పుడు లేదు తాతయ్యా!" అన్నది, యేడుపుగొంతుతో.

"న్యూట్రాన్ నక్షత్రమూ అంతేనమ్మా" అన్నాను. (మా ఆవిడ లోపల్నుంచి, "అర్ధరాత్రి నక్షత్రాలేమిటి?" అన్నది.)

సూర్యుడికి ఒకటిన్నర రెట్ల బరువు, అడ్డకొలత సుమారు 20 కిలోమీటర్లే. మన ఔటర్ రింగురోడ్డు లోపల పట్టేస్తుంది. పక్కనున్న జంట నక్షత్రంనుంచి వాయువు లాక్కుంటుంది. హైడ్రోజన్, హీలియం పలచటి పొరగా గంటలతరబడి పేరుకుంటాయి. అడుగున వొత్తిడి, వేడి ముదిరి హీలియం కేంద్రకాలు మూడేసి కలిసి కార్బన్ అవుతాయి. పొర పలచన గనుక, వుబ్బినా వొత్తిడి తగ్గదు, మంట చల్లారదు. సెకనులో అంతా అంటుకుంటుంది. సూర్యుడు కొన్ని రోజులకిచ్చే శక్తి కొద్ది సెకన్లలో యెక్స్‌రేలుగా పోతుంది.

ఆ కిరణాలు మన గాలిని దాటి రాలేవు. అంచేత 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుంచి ఆస్ట్రోశాట్‌ను పంపారు. 2016 మార్చి 8న అది వృశ్చికరాశిలోని 4యు 1728-34 పొంగును పట్టింది. ఆ నక్షత్రం సెకనుకు 363 సార్లు తిరుగుతుందట!

"పొంగాక పగిలిపోతుందా?"

"లేదమ్మా, మళ్ళీ మొదటినుంచీ పేరుకుంటుంది."

గట్టు తుడుస్తూ, "అయితే రేపూ డ్యూటీకి పోవలసిందేనన్నమాట" అన్నది.