బాలుడును కుక్కయు

"కుక్కతోక వంకర" యను సామెత నెరుగనివారు మనలో లేరు. మారని స్వభావమునకు దానిని దృష్టాంతముగా జెప్పుచుందుము. కాని కుక్కకు తోక చక్కబడవలెనని కోరువా రెవరు? పిలిచినప్పుడు వచ్చుట, కూర్చుండుమనినప్పుడు కూర్చుండుట, దారిని బోవువారి మీద బడకుండుట నేర్చిన జాలును. వీనిని నేర్చుకొనలేని కుక్కలు బహు స్వల్పము. నేర్పుటకు ఓర్పులేని మనుష్యులే పెక్కుమంది.

మా పాఠశాలయందలి స్కౌటు బాలుడొకడు జంతుమిత్ర చిహ్నమును బడయగోరి, తన యింటి కుక్కకు శిక్షణ మీయ మొదలుపెట్టెను. స్కౌటు జంతువులకు స్నేహితుడై యుండవలెనను నియమము బేడెన్ పవెల్ ప్రభువు 1908లో ప్రకటించిన గ్రంథమునందే యున్నది. 1950 నవంబరు 7వ తేదీన నేర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థయు దానిని నిలుపుకొనినది. బాలుని తండ్రి మాత్రము, "మిగిలిన సంగటి తిని వాకిలి కాచు కుక్కకు చదువెందులకు?" అని నవ్వెను.

బాలుడు మానలేదు. ప్రతిదినమును ఎండ చల్లబడిన పిమ్మట కర్నూలు–కడప కాలువగట్టునకు కుక్కను తోడ్కొనిపోయి, కొంతదూరమున నిలిచి "రా" యని పిలుచును. అది వచ్చిన తక్షణమే జొన్నరొట్టె తునక యొకటి పెట్టును. ఈ పద్ధతి మంచిది. జీర్ణక్రియను పరిశోధించి 1904లో నోబెల్ బహుమానము నందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్, ఆహారమునకు ముందు ఒక ధ్వనిని మాటిమాటికి వినిపించినచో, కొంతకాలమునకు ఆ ధ్వని వినినంతనే కుక్కకు నోరూరునని చూపెను. రెండు విషయములు వెంటవెంట జరిగినగాని కుక్క వానిని కలిపి గ్రహింపదు. అందుచే మెప్పు ఆలసింపరాదు. పిలుచు మాట మారరాదు. పాఠము దీర్ఘము కారాదు.

మూడు వారములలో కుక్క పిలుపు నేర్చెను. కూర్చుండుట మాత్రము నేర్వలేదు. పరీక్షాదినము సమీపించుచుండెను. ఒకనాటి సాయంకాలము బాలుడు విసిగి, తంగేడు బెత్తము విరిచి దానిని కొట్టెను. మరునాడు "రా" యని పిలువగా కుక్క తోక ముడిచి దూరముననే నిలిచెను. నేర్చినదియు పోయెను. పరీక్షాదినమున బాలుడు నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, నేను కొట్టితిని. అందువలన అది రాదు" అని చెప్పెను.

నే నతనికి చిహ్నము నీయలేదు. నిజము చెప్పిన బాలునికి ఇది కఠినమని సహోపాధ్యాయు లొకరిద్దరు నన్ను మందలించిరి. తలిదండ్రులలోను కొంద రట్లే తలచియుందురు. నా యభిప్రాయము వేరు. సత్యము పలికినవానికి మనము చెల్లించవలసినది గౌరవము. దానిని నే నతనికి సంపూర్ణముగా నిచ్చితిని. చిహ్నము కుక్క చేసిన విన్యాసమునకు గాదు, బాలుడు దానియెడల జూపిన స్నేహమునకు. స్నేహము తెగియుండగా దాని గుర్తును చొక్కాకు కుట్టించుట బాలునే వంచించుట యగును.

నన్నయభట్టు భారతమున ఆదిపర్వమునందే సరమ వృత్తాంతమున్నది. యజ్ఞభూమియొద్ద నాడుకొనుచున్న కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు నిరపరాధముగా గొట్టగా, దాని తల్లి సరమ రాజు నెదుటనే నిలిచి యిది న్యాయము కాదని చెప్పెను. ఆ కుక్కపిల్ల తన్నేల కొట్టిరో యెరుగదు. మా బాలుని కుక్కయు నెరుగదు. ఇచ్చట నా సంగతియు నొప్పుకొనవలెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బాలుర మనస్తత్త్వమును చదివి వచ్చియు, తొలి సంవత్సరములలో నేను బెత్తమును విడువలేదు. శిక్ష యను మాటకు బోధయు దండనయు రెండర్థములు గలవు. వానిలో సులభమైనదానినే నేను పట్టుకొంటిని. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలలలో శారీరక దండనను నిషేధించినది. కాని ప్రశ్న యడిగినంతనే తలవంచుకొను పిల్లల ముఖములు చట్టమునకు ముందే నాకు బుద్ధి చెప్పినవి.

బాలుడు మరల మొదటినుండి యారంభించెను. బెత్తము లేక గట్టుమీద గూర్చుండి, రొట్టెతునకను ముందుంచి, కుక్క తానై వచ్చువరకు కనిపెట్టుకొని యుండెను. పదునొకండవ దినమున నది వచ్చెను. ఆరు మాసముల పిమ్మట నతడు చిహ్నమును బొందెను. ఇప్పుడు తండ్రియే కుక్కను పిలిచి "కూర్చో" యని పలికి చూచుకొనుచున్నాడు.

తలిదండ్రులకు కుక్కకాటు భయము గలదు. అది నిరాధారము గాదు. పిచ్చికుక్క కాటువలన వచ్చు వ్యాధి బయటపడిన పిమ్మట బ్రతుకుట మిక్కిలి యరుదు. అయినను పాశ్చర్ పండితుడు 1885 జూలై 6వ తేదీన తొమ్మిదేండ్ల బాలునకు టీకా వేసి కాపాడిన నాటినుండి, కాటుపడిన వెంటనే చికిత్స పొందినవారికి రక్షణ గలదు. పెంచు కుక్కకు ఏటేట టీకా వేయింపుడు. కరచినను, గీరినను గాయమును సబ్బుతో, పారు నీటిలో 15 నిమిషములు కడిగి, పసరులతో కాలము గడుపక ఆసుపత్రికి పొండు. ఇదియు శిక్షణములోని భాగమే.

విద్యార్థులారా! తన పశువులయెడల శ్రద్ధ వహించుట నీతిమంతుని లక్షణముగా సామెతల గ్రంథము 12వ అధ్యాయమున జెప్పబడియున్నది. మీ యింటి కుక్కకు నీళ్లు పెట్టుట, పిలుచుట, ఓర్చుట మీ చేతిలోని పనులు. చిహ్నము వచ్చినను రాకున్నను, మీరు పిలిచినప్పుడు అది భయపడి వచ్చుచున్నదో ప్రేమించి వచ్చుచున్నదో మీరే పరీక్షించుకొనుడు. అట్టి పరీక్షను ఉపాధ్యాయులమును మా తరగతులలో జేసికొందుము గాక.